తువ్వాలక్క చెయ్యి

ఆ ఆస్పత్రిలో ఫిజియోథెరపీ గది ఎక్కడుందని అడిగితే గేటు దగ్గరి కాపలాదారు బుర్ర గోక్కుంటాడు. తువ్వాలక్క ఎక్కడుంటుందని అడిగితే మాత్రం తాగుతున్న టీ పక్కన పెట్టి మరీ చెబుతాడు. ఎక్స్‌రే గది దాటాక ఎడమకి తిరిగి, ర్యాంపు దిగి, తడి తువ్వాళ్ల వాసన తగిలేదాకా వెళ్లాలి. అక్కడ భుజం మీద ఒక తువ్వాలు, చంకలో మడతపెట్టినవి ఇంకో నాలుగు పెట్టుకుని, ఎవరో ఒకరిని తిడుతూ కనిపించే మనిషే తువ్వాలక్క. అసలు పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది, ఉండనివ్వండి. యాభై ఒకటో ఏట పడిన ఈ మనిషికి ఆ పేరుతో పిలిస్తే తిరిగి చూసే అలవాటు ఎప్పుడో పోయింది.

ఆ గదికి కిటికీలు రెండే. ఆకుపచ్చ తెరలు కట్టిన మంచాలు ఆరు. గోడకి భుజాలు తిప్పుకునే చక్రం ఒకటి, చేతులతో లాగే తాళ్లు ఒక జత. ఒక మూల మూతపెట్టిన స్టీలు తొట్టి, దాని నిండా వేడినీళ్లు, ఆ నీళ్లలో మట్టి నింపి కుట్టిన గుడ్డ సంచులు వేలాడుతూ ఉంటాయి. అవే హాట్ ప్యాకులు. ఇంకో మూల ఫ్రిజ్జు. అందులో ఐసు సంచులూ, నీళ్లు పోసి గడ్డకట్టించిన కాగితం కప్పులూ ఉంటాయి. వేళ్లు బిగుసుకుపోయిన వాళ్లకి ముంచడానికి కరిగించిన మైనం గిన్నె కూడా ఒకటుంది. ఎవరికి ఏం చెయ్యాలో కాగితం మీద రాసేది డాక్టరమ్మ. ముప్ఫై నాలుగేళ్ల చురుకైన మనిషి, అనవసరంగా గొంతెత్తదు. రాసింది చేసేదీ, గొంతెత్తేదీ తువ్వాలక్క.

"నిన్న సాయంత్రం కాలు మడతపడితే ఇవాళ పొద్దున వేడి కావాలా నీకు? వాపు చాల్లేదా, ఇంకాస్త పొంగించమంటావా? పడుకో, ఐసు పెడతాను. అరవకు, ఐసే, పులి కాదు."

"ఏడాదిగా బిగుసుకున్న నడుముకి ఐసు పెట్టుకుంటున్నావా? ఎవరు చెప్పారమ్మా? మీ పక్కింటావిడా? ఆవిడేం డాక్టరా? ఇలా రా, వేడి పెడతాను."

రోజంతా ఇదే వరస. కొత్త దెబ్బకి వేడి అడిగేవాళ్లూ, పాత పట్టుకి ఐసు అడిగేవాళ్లూ రాని రోజు ఉండదు. మనుషులకి తమ నొప్పి సంగతి తమకే బాగా తెలుసని ఎంత నమ్మకమో! తువ్వాలక్క తిట్లు తింటే గానీ వాళ్లకి వైద్యం మొదలైనట్టు అనిపించదు.

ముందే చెబుతున్నాను, ఈ కథలో ఎవరికీ ఏమీ కాలేదు. అయ్యుంటే ఇంత తీరిగ్గా చెప్పేవాణ్ని కాదు. కానీ ఒక మంగళవారం నుంచి శుక్రవారం దాకా తువ్వాలక్క పడిన నరకం మాత్రం నిజంగా నరకమే. అది అర్థం కావాలంటే ఆవిడ పని చేసే తీరు కాస్త తెలియాలి.

తొట్టిలోంచి సంచిని పట్టకారుతో పైకి తీస్తుంది. నీళ్లు కారిపోయేదాకా పట్టుకుంటుంది. తువ్వాలుని ఆరు మడతలు వేసి దాంట్లో చుడుతుంది. అక్కడితో ఆగదు. రోగి ఒంటికి తగిలే వైపు తన చేతి వెనక భాగం ఆనించి, పెదవులు కదుపుతూ ఇరవై అంకెలు లెక్కపెడుతుంది. తన చెయ్యి ఓర్చుకుంటేనే మంచం దగ్గరికి నడుస్తుంది. తొట్టికి వేడి చూపించే ముల్లుంది, గోడకి గడియారముంది. వాటిని చూస్తుంది గానీ ఆఖరి మాట మాత్రం చేతిదే.

కొత్తగా వచ్చిన వాళ్లకి ఇంకో పరీక్ష ఉంటుంది. రెండు సన్నటి గాజు గొట్టాలు. ఒకదాంట్లో వేడినీళ్లు, ఇంకోదాంట్లో చన్నీళ్లు. రోగి కళ్లు మూసుకోవాలి. వరస లేకుండా ఒకసారి ఇదీ ఒకసారి అదీ నొప్పి ఉన్నచోట ఆనిస్తుంటే, ఏది వేడో ఏది చల్లనో చెప్పాలి. పదిసార్లలో రెండుసార్లు మించి తప్పిందా, ఆ మనిషి కాళ్లమీద పడినా సరే తువ్వాలక్క వేడి పెట్టదు. చర్మానికి తెలియకపోతే కాలినా తెలియదు మరి. "నాకు బాగానే తెలుస్తోందక్కా" అని ఒట్లు పెట్టుకున్న వాళ్లు పరీక్షలో బోల్తా పడడం ఆవిడ ఎన్నిసార్లు చూసిందో. అందుకే మనుషుల మాట నమ్మదు, గొట్టాల మాట నమ్ముతుంది.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట, గట్టి చలి రోజుల్లో, వాళ్లమ్మ పాదాలు చల్లబడ్డాయని రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసుకుని పక్కలో పెట్టుకుంది. అమ్మకి షుగరు. పాదాలకి స్పర్శ పోయిందని ఆవిడకీ తెలియదు, ఇంట్లో ఎవరికీ తెలియదు. పొద్దున దుప్పటి తీస్తే రెండు పాదాలూ బొబ్బలెక్కి ఉన్నాయి. "నాకేం నొప్పి లేదే" అని అమ్మ నవ్వింది. ఏడు నెలలు కట్లు కట్టారు, రెండు వేళ్లు పోయాయి. కట్లు కట్టించడానికి కూతురు రోజూ అమ్మని ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు, అప్పట్లో ఈ గదిలో పనిచేసే పెద్దాయన ఒకరు రెండు గొట్టాలు చేత్తో పట్టుకుని అసలు జరిగిందేమిటో ఆ పిల్లకి విడమరిచి చెప్పాడు. మరుసటి ఏడాది ఆ పిల్ల అదే గదిలో నేల తుడిచే పనికి చేరింది. ఆరేళ్లలో పట్టకారు చేతికొచ్చింది.

ఇక మంగళవారం సంగతి.

ఆ రోజు మూడో మంచం మీద గడియారాల బాబాయి పడుకున్నాడు. నలభై ఏళ్లుగా కంటికి భూతద్దం తగిలించుకుని, మెడ వంచి, చేతి గడియారాలు బాగుచేసే మనిషి. మెడ కొయ్యలా బిగుసుకుపోతే డాక్టరమ్మ పది రోజులు వేడి రాసింది. అది ఐదో రోజు. మొదటి రోజే గొట్టాల పరీక్షలో పదికి పది చెప్పాడు. నెమ్మదస్తుడు. మందలించినా "అలాగేనమ్మా" అనేవాడే తప్ప ఎదురు మాట్లాడి ఎరగడు.

తువ్వాలక్క ఎప్పటిలాగే సంచి తీసింది, ఆరు మడతలు చుట్టింది, చెయ్యి ఆనించి ఇరవై లెక్కపెట్టింది, బాబాయి మెడ మీద అమర్చి, చురుక్కుమంటే మోగించమని చేతిలో గంట పెట్టి, తెర లాగింది. మూడు నిమిషాలు కూడా కాలేదు.

"అమ్మో! చచ్చాన్రో!"

గంట కింద పడింది, సంచి ఇంకోవైపు పడింది. తెర తీసేసరికి బాబాయి మంచం మీద లేచి కూర్చుని మెడ పట్టుకుని గిలగిల్లాడుతున్నాడు. మెడ వెనక చర్మం ఎర్రగా కందిపోయింది. తువ్వాలక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. చన్నీళ్లలో తువ్వాలు ముంచి మెడ మీద పరిచింది, మళ్లీ ముంచింది, మళ్లీ పరిచింది. డాక్టరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి చూసింది. బొబ్బ లేవలేదు. పావుగంటకి ఎరుపు కాస్త దిగింది, మంట తగ్గిందన్నాడు.

అప్పుడు డాక్టరమ్మ తొట్టి దగ్గరికి వెళ్లింది. ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. కింద పడిన తువ్వాలు మడతలు లెక్కపెట్టింది. ఆరు.

"చెయ్యి పెట్టి చూశావా అక్కా?"

"చూశానమ్మా."

"సరే అయితే. ఎందుకైందో చూద్దాంలే. కంగారు పడకు."

అంతే అంది. కసరలేదు, మొహం మాడ్చుకోలేదు. కసిరినా బాగుండేదేమో. తొట్టి సరిగ్గానే ఉంది, తువ్వాలు సరిగ్గానే ఉంది, బాబాయి చర్మం మొదటి రోజే పదికి పది చెప్పింది. ఇక మిగిలిందేమిటి? తువ్వాలక్క తన కుడిచేతి వంక చూసుకుంది. కొన్నాళ్లుగా పొద్దున లేవగానే వేళ్లు మొద్దుగా ఉంటున్నాయి. తడి తువ్వాళ్లు పిండీ పిండీ అలా అయ్యాయనుకుంది. కిందటేడు రక్తపరీక్షలో షుగరు అంచు మీద ఉందని, జాగ్రత్తగా ఉండమని చెప్పారు. తువ్వాలక్క కూడా ఊరందరిలాగే ఆ కాగితాన్ని పరుపు కింద పెట్టి మర్చిపోయింది. ఇప్పుడన్నీ వరసగా గుర్తొచ్చాయి. అమ్మ పాదాలు అన్నిటికంటే ముందు గుర్తొచ్చాయి.

సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు రెండు గాజు గొట్టాలు తువ్వాల్లో చుట్టి సంచిలో వేసుకుంది.

ఇక్కడొక చిక్కుంది. ఈ పరీక్ష ఎవరికి వాళ్లు చేసుకోలేరు. తన చేత్తో తనే పట్టుకుంటే ఏది వేడో ముందే తెలిసిపోతుంది కదా! ఇంకొకళ్లు పట్టుకోవాలి. డాక్టరమ్మని అడగడానికి ధైర్యం చాల్లేదు. ఇంట్లో ఉన్నది ఆవిడ భర్త ఒక్కడే.

ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు. ఇరవై మంది పిల్లలు చెవుల్లో జోరీగల్లా మోగుతున్నా విసుక్కోడు. సూది మందు వేయించుకోవాలంటే మాత్రం గోడవైపు తిరిగి కళ్లు మూసుకుంటాడు. వేయించుకునేది ఎవరైనా సరే. అలాంటి మనిషికి తువ్వాలక్క తను ఎందుకు అడుగుతోందో రెండు ముక్కల్లో చెప్పి, చేయాల్సింది మాత్రం ముప్ఫై ముక్కల్లో చెప్పింది.

"నీళ్లు కాచి ఒక గొట్టంలో పోయండి. మరీ మరిగినవి కాదు, చెయ్యి ఓర్చుకునేంత. రెండోదాంట్లో ఫ్రిజ్జులో నీళ్లు. నేను కళ్లు కట్టుకుంటాను. మార్చి మార్చి పెట్టండి. పెట్టేముందు ఏదో చెప్పకండి, నవ్వకండి, దగ్గకండి."

"దగ్గొస్తే?"

"మింగండి!"

కళ్లకి తువ్వాలు కట్టుకుని, బల్ల మీద రెండు చేతులూ చాపి కూర్చుంది. ఆయన వంటింట్లో ఏవో గిన్నెలు కదుపుతూ చాలాసేపు ఉన్నాడు. కుళాయి తిప్పిన చప్పుడు, మళ్లీ కట్టిన చప్పుడు. "ఎంతసేపండీ?" అంటే "వస్తున్నా, వస్తున్నా" అన్నాడు.

గొట్టం కుడిచేతి వెనక ఆనింది. వేడీ తెలియలేదు, చల్లదనమూ తెలియలేదు. ఏదో ఆనిందని తెలిసింది, అంతే.

"వేడి" అంది, ఎటూ తోచక.

ఆయన రెండోసారి ఆనించాడు. అదీ అంతే. "చల్లన" అంది. మూడోది, నాలుగోది. ఎడమచేతికి పెట్టమంది. అదీ అంతే. పదిసార్లు అయ్యాక కళ్లగంతలు విప్పకుండానే అడిగింది.

"ఎన్ని సరిగ్గా చెప్పాను?"

"నాలుగు" అన్నాడు ఆయన.

గంతలు విప్పి చూస్తే ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. గొట్టాల్లో నీళ్లు అప్పటికే సింకులో పారబోసేసి, అవి బోర్లించి నిలబడ్డాడు. నాలుగంటే గుడ్డిగా చెప్పినా వస్తాయి. ఏ రోగికైనా నాలుగొస్తే తువ్వాలక్క ఏం చేసేదో మీకు తెలుసు కదా.

"నేను సరిగ్గా పెట్టలేదేమోనే" అన్నాడు ఆయన.

"గొట్టం ఆనించడంలో సరిగ్గా ఏముంటుందండీ? ఊరుకోండి."

ఆయన టీ పెట్టి తెచ్చాడు. గ్లాసు పట్టుకుంటే వేడిగానే ఉంది. వేరే ఎవరైనా అయితే ఆ ఒక్క ముక్కకే బతుకు జీవుడా అనుకుని హాయిగా నిద్రపోయేవాళ్లు. తువ్వాలక్క అలా అనుకోలేకపోయింది. పొగలొస్తున్న టీ కళ్లెదురుగా కనిపిస్తుంటే వేడిగా లేక చల్లగా ఉంటుందా? తెలిసి పట్టుకుంటే తెలిసినట్టే ఉంటుంది. అమ్మ కూడా ఆ రబ్బరు సంచి వెచ్చగా హాయిగా ఉందనే చెప్పింది. కళ్లు మూసినప్పుడు చెప్పిందే నిజం. ఇరవై ఏడేళ్లుగా తను నమ్మిందీ, నలుగురికీ చెప్పిందీ అదే. పక్కవాళ్లకో న్యాయం, తనకో న్యాయం ఉంటుందా! చూడండి, మరీ అంత నియమం ఉంటే మనిషికి ఎంత చేటో.

బుధవారం పొద్దున గదిలోకి అడుగు పెడుతూనే, మణికట్టు బెణికిందని అబద్ధం చెప్పింది. "రెండ్రోజులు ఐసు పనీ, తాళ్ల పనీ చూస్తానమ్మా. వేడి పని చెయ్యలేను" అంది. డాక్టరమ్మ ఒకసారి పరీక్షగా చూసి సరేనంది. తనే పట్టకారు పట్టుకుంది. అటు కాగితాలు రాసుకోవాలి, ఇటు సంచులు మోయాలి. తల ప్రాణం తోకకొచ్చింది పాపం. తువ్వాలక్క మాత్రం తొట్టి ఉన్న మూలకి పోలేదు. ఎవర్నీ తిట్టలేదు కూడా. నిన్న కాలు మడతపడిన ఒకాయన వచ్చి వేడి పెట్టమంటే "ఐసు పెట్టమని రాశారండీ" అని మర్యాదగా చెప్పింది. మంచాల మీది పాత రోగులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తువ్వాలక్క "అండీ" అన్నదంటే ఏదో కొంప మునిగిందన్నమాటే.

మునిగినట్టే ఉంది ఆవిడకి. పని పోతుందని కాదు, పోదు. ర్యాంపు పైన చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చోబెడతారు. కుర్చీ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది. కానీ ఈ చేతిని నమ్ముకుని ఎన్ని మెడలు, ఎన్ని నడుములు, ఎన్ని మోకాళ్లు కళ్లు మూసుకుని పడుకున్నాయి! వాళ్లలో ఎంతమంది చురుక్కుమన్నా మొహమాటానికి ఊరుకున్నారో? ఎప్పటినుంచి పోయిందో ఈ స్పర్శ? నిన్నటినుంచా, నిరుటినుంచా? ఐసు సంచి పట్టుకున్నప్పుడల్లా ఇది నిజంగా చల్లగా ఉందా, లేక ఐసని తెలుసు కాబట్టి చల్లగా ఉందా అని తనని తానే అడుగుతోంది. అడిగీ అడిగీ పిచ్చెక్కేలా ఉంది.

ఇంట్లో ఆయన పరిస్థితి ఇంకా అన్యాయం. పొయ్యి దగ్గరికి రానివ్వడు. గిన్నె తనే దించుతాడు, నీళ్లు తనే తోడతాడు. ఇస్త్రీపెట్టె బీరువా పైన పెట్టేశాడు. ఒక్క మాట అడగడు, కళ్లలో మాత్రం భయం. ఆ భయం చూడలేక తువ్వాలక్క గోడవైపు తిరిగి పడుకునేది.

శుక్రవారం పొద్దున గడియారాల బాబాయి వచ్చాడు. రెండు రోజులుగా రాని మనిషి. మెడ మామూలు రంగుకొచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి చేతిలోని టోపీ నలుపుతున్నాడు. తువ్వాలక్కని చూసి తలొంచుకున్నాడు.

"రండి బాబాయిగారూ. ఎలా ఉంది?"

"బాగానే ఉందమ్మా. నీతో ఒక మాట చెప్పాలి. డాక్టరమ్మ కూడా ఉంటే ఇద్దరికీ ఒకేసారి చెప్పి చెంపలేసుకుంటాను."

డాక్టరమ్మ వచ్చింది.

"మంగళవారం మా అమ్మాయి మెడకి ఏదో మందు పూసింది. కొత్తగా వచ్చిందట, వాసన కూడా రాదట. పూశాక చుర్రుమంటూ ఉంటే బాగా పనిచేస్తోందనుకున్నాను. ఇక్కడేమో నొప్పుల మందులు పూసుకుని రావొద్దని గోడకి రాసే ఉంది. నేను రోజూ చదువుతూనే ఉన్నాను. తువ్వాలక్క తిడుతుందని చెప్పలేదు."

"దాని మీద వేడి సంచి పెట్టించుకున్నారా!" అంది డాక్టరమ్మ.

"పెట్టించుకున్నానమ్మా. సంచి తప్పేం కాదు, మందు మంట. అరిచాక చెప్పాలంటే ఇంకా సిగ్గేసింది. మూడ్రోజులుగా అన్నం సహించడంలేదు."

గది గదంతా ఒక్కసారి నవ్వింది. నడుం పట్టేసి బోర్లా పడుకున్న ఒకాయన నవ్వలేక "అబ్బా, అబ్బా" అంటూనే నవ్వాడు. డాక్టరమ్మ కూడా నవ్వుతూ "అదీ సంగతి! వాసన వస్తే అక్క అప్పుడే పట్టేసేది. ఇంకేం అక్కా, ఇప్పుడన్నా నాలుగు తిట్టు" అంది.

తువ్వాలక్క తిట్టలేదు. తొట్టి మూలకి పోయి గోడకి ఆనుకుని నిలబడింది. బాబాయి అరుపు తన తప్పు కాదని తెలిసింది, సంతోషమే. కానీ ఇంట్లో గొట్టాలు చెప్పిందేమిటి? నాలుగు. బాబాయి మందు పూసుకున్నా పూసుకోకపోయినా తన చెయ్యి తన చెయ్యే కదా. పైగా ఇప్పుడు అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వులో కలిసిపోయి రేపటినుంచి మళ్లీ పట్టకారు పట్టుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాగానే ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"అమ్మా, నన్ను చీటీల బల్ల దగ్గరికి మార్చెయ్యండి" అంది గట్టిగా.

నవ్వులు ఆగాయి.

"ఏమైంది?"

"నా చేతికి స్పర్శ పోయింది. ఇంట్లో గొట్టాలతో చూసుకున్నాను. రెండు చేతులకీ కలిపి పదికి నాలుగు. బెణికిందని అబద్ధం చెప్పాను. మా అమ్మకి పోయినట్టే నాకూ పోయింది. నేనింక ఎవరికీ వేడి పెట్టకూడదు." చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఇరవై ఏడేళ్లలో ఆ గదిలో ఎంతోమంది ఏడ్చారు గానీ తువ్వాలక్క ఏడవడం గోడలు కూడా చూడలేదు.

డాక్టరమ్మ ఓదార్చలేదు. "కూర్చో" అంది. ఆ ఒక్క మాటే మంచిదైంది. గొట్టాలు తెచ్చింది. తొట్టిలోంచి నీళ్లు తీసి, కాస్త చల్లార్చి, థర్మామీటరు పెట్టి చూసి ఒకదాంట్లో పోసింది. ఐసు కరిగించిన నీళ్లు రెండోదాంట్లో పోసి, దాంట్లోనూ థర్మామీటరు పెట్టింది. తువ్వాలక్క భుజం మీది తువ్వాలే తీసి ఆవిడ కళ్లకి కట్టింది. గడియారాల బాబాయి మంచం చివర కూర్చుని ఊపిరి బిగబట్టాడు. తాళ్లు లాగే ఆవిడ లాగడం ఆపింది.

మొదటిది ఆనింది.

తువ్వాలక్క చెయ్యి ఒక్కసారి వెనక్కి లాక్కుంది.

"ఏంటి?"

"వేడి."

"ఇది?"

"చల్లన. అమ్మో, చల్లన!"

"అరవకు, ఐసే" అన్నాడు బోర్లా పడుకున్నాయన, 'పులి కాదు' అన్న ముక్క అక్కకే వదిలేసి. ఎవరో ఉష్ అన్నారు.

"ఇది?"

"చల్లన. మళ్లీ అదే పెట్టారు."

"ఇది?"

"వేడి."

పది అయ్యాయి. డాక్టరమ్మ ఆగలేదు. ఎడమచెయ్యి, ఆ తర్వాత ఒక్కో వేలు, అరచేయి, మణికట్టు. చివరికి చెప్పులు విప్పించి పాదాలు కూడా. తువ్వాలక్క ఒక్కటి తప్పలేదు. వేడి, వేడి, చల్లన, వేడి. ప్రతి మాటకీ ఆవిడ గొంతు కాస్త కాస్త పైకి లేస్తోంది. ఆఖరికొచ్చేసరికి రోగుల్ని తిట్టే పాత గొంతు పూర్తిగా వచ్చేసింది.

"నీకేం పోలేదక్కా. నిక్షేపంలా ఉన్నాయి" అంది డాక్టరమ్మ కట్టు విప్పుతూ. "పొద్దున మొద్దుగా ఉండేది తువ్వాళ్లు పిండడం వల్లే. రేపటినుంచి పిండే పని వేరేవాళ్లది. సోమవారం పరగడుపున వచ్చి షుగరు పరీక్ష చేయించుకో, తప్పించుకుంటే ఊరుకోను. ఇంకోటి, ఇకనుంచి వచ్చిన ప్రతివాళ్లనీ రోజూ అడగాలి, ఏమైనా పూసుకున్నారా అని."

తువ్వాలక్క లేచింది. మొహం తుడుచుకుంది. గడియారాల బాబాయి వైపు తిరిగింది.

"వాసన రాని మందా? సిగ్గేసిందా? రోజూ చదువుతూనే ఉన్నారా? ఉండండి, మీ పని చెబుతాను. ఆ చొక్కా గుండీ విప్పి మెడ చూపించండి ముందు!"

"అలాగేనమ్మా" అన్నాడు బాబాయి, కళ్లనీళ్లతో నవ్వుతూ. మంచాల మీద వాళ్లంతా హమ్మయ్య అనుకుని ఎవరి నొప్పి వాళ్లు మళ్లీ మొదలుపెట్టుకున్నారు.

పట్టకారు పట్టుకుని తొట్టి మూత తీస్తుంటే డాక్టరమ్మ పక్కకి వచ్చి మెల్లగా అడిగింది. "ఇంతకీ ఇంట్లో నీళ్లు ఎవరు కలిపారక్కా?"

తువ్వాలక్క చేతిలో మూత అలాగే ఉండిపోయింది.

సాయంత్రం ఐదింటికి పిల్లల్ని దింపేసి, ఖాళీ వ్యానుతో ఆయన గేటు దగ్గరికి వచ్చాడు. రోజూ వచ్చినట్టే వచ్చాడు. తువ్వాలక్క ఎక్కి, ఆయన వెనకే ఉన్న పిల్లల సీటులో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. వ్యాను కదలబోతుంటే ఆపమంది.

"మంగళవారం నీళ్లు ఎలా కలిపారో ఒక్కసారి చెప్పండి."

"ఎలా ఏముంది? నువ్వు చెప్పినట్టే."

"నేను చెప్పినట్టే అంటే?"

ఆయన అద్దంలోంచి చూశాడు. స్టీరింగు మీద వేలితో గీశాడు. "కాచాను. వేలు పెట్టి చూస్తే చురుక్కుమంది. అసలే ఏదో అయిపోయిందని మొహం అంత చేసుకుని కూర్చున్నావు. అలాంటి చేతికి అంత వేడి ఎలా పెట్టనే? అందుకని కాసిని చన్నీళ్లు పోశాను."

"కాసినంటే?"

"సగం."

"మరి చన్నీళ్లు?"

"అవీ మరీ జివ్వుమంటున్నాయి. పొద్దస్తమానం ఐసులో నానే చేతులు కదా అని..."

"కదా అని?"

"కాసిని వేడినీళ్లు పోశాను."

"అప్పుడే ఎందుకు చెప్పలేదండీ? నేను తప్పు చెబుతున్నప్పుడన్నా చెప్పొచ్చుగా!"

"గోరువెచ్చనైనా తెలియాలి కదా, ఈ పిల్లకి అది కూడా తెలియడంలేదే అని నాకే కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇంక నీళ్ల సంగతి బుర్రకెక్కడ తడుతుంది? నాలుగే వచ్చాయని చెప్పడానికే నా తాతలు దిగొచ్చారు. ఈ మూడ్రోజులూ నేను నిద్రపోతే ఒట్టు."

మూడు రోజులు చచ్చి బతికానని అరుద్దామని తువ్వాలక్క నోరు తెరిచింది. వచ్చింది నవ్వు. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు, మధ్యలో ఎప్పుడు ఏడుపైందో ఆవిడకే తెలియలేదు. సీటు పట్టుకుని వంగిపోయి వెక్కుతూ నవ్వుతూ ఉంటే ఆయన ఇంజను ఆపేసి వెనక్కి తిరిగాడు. పొద్దున డాక్టరమ్మ చేసిన గొట్టాల పరీక్ష సంగతి ఆయనకింకా తెలియదు. ఆయనకి కనిపించింది ఏడుపొక్కటే. చెయ్యి వెనక్కి చాపి, ఆవిడ కుడిచేతిని, పగిలిపోతుందేమో అన్నట్టు రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"ఏమే? అసలేమీ తెలియడంలేదా?"

"తెలుస్తోందండీ" అంది తువ్వాలక్క, ఆ చేత్తోనే ఆయన చేతిని గట్టిగా బిగించి పట్టుకుని. "పదికి పది తెలుస్తోంది. మీ చేతులే చల్లబడిపోయాయి, ఇలా ఇవ్వండి."